రంగు మారని ఫ్లాస్కు

నిన్న పొద్దున మా ఇంటిది బాత్‌రూం గచ్చు మీద యాసిడ్ పోసింది. ఆ ఘాటు తగిలేసరికి దగ్గు రావాల్సింది పోయి నాకు నవ్వొచ్చింది. "ఏంది, యాసిడ్ వాసనకి నవ్వేది?" అని ఆమె కసిరింది. ఆ వాసన వస్తే నాకు ఆర్. సుగుణ మేడం గుర్తొస్తారు. పుదుచ్చేరిలో ఒక కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పేవారు. మీరెవరూ ఆమెను చూసి ఉండరు. చూడాల్సిన మనిషి.

నేను కంసాలిని. బడికి పోయింది మూడో తరగతి దాకా. తక్కిన చదువంతా పొట్లాల కాగితాల్లో, పాత వారపత్రికల్లో నేర్చుకున్నదే. మిషన్ నగలొచ్చి చేతిపని పడిపోయాక, యాభయ్యో ఏట మేడం ప్రయోగశాలలో గాజు సామాను కడిగే పనికి చేరాను. "అటెండరుకేం తెలుసు" అని అక్కడి మహానుభావులు కొందరు నా ఎదుటే అనేవారు. రంగు చూసి బంగారం వన్నె చెప్పమంటే వాళ్ళలో ఒక్కడు చెప్పగలడా? ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

మేడం మాత్రం మొదటి రోజే పిలిచి, లేత గోధుమరంగు నీళ్ళున్న సీసా ఒకటి చూపించారు.

"ఇదేందో చెప్పు, ఆచారన్నా."

"టీ డికాషన్ మాదిరి ఉండాది మేడం."

"బంగారం."

"నాతోనే పరిహాసమా? పుట్టినప్పట్నుంచీ దాంతోనే కదా బతికింది!"

ఆమె కిటికీ తెర లాగి ఊదారంగు దీపం వెలిగించారు. సీసా మొత్తం నిప్పుకణికలా ఎర్రగా వెలిగింది. "ముద్దగా ఉంటే బంగారం సోంబేరి, ఏ పనీ చెయ్యదు. పాతిక పరమాణువుల గుంపుగా చేసి చూడు. ఇట్ల వెలుగుతాది. పక్కనున్న మందును మార్చేస్తాది, తాను మాత్రం ఖర్చు కాదు" అన్నారు.

అలా చేయాలంటే రెండు ఘాటైన యాసిడ్లు కలిపిన రాజద్రావకంలో ముందు బంగారాన్ని కరిగించాలి. ఆ తర్వాత దాన్ని గుడ్డు తెల్లసొనలో కలిపి ఒంటి వేడిలో ఒక పూట ఉంచాలి. పని అయ్యాక ప్రతి ఫ్లాస్కునూ రాజద్రావకంతోనే కడగాలని మేడం ఆజ్ఞ. నేను తప్పింది అక్కడే. మా కొట్టులో నేల ఊడ్చిన దుమ్మును కూడా కడిగి బంగారం ఏరేవాళ్ళం. ఉన్న బంగారాన్ని యాసిడ్‌లో కరిగించి పారబోయడానికి నాకు చేతులు రాలేదు. సబ్బూ బ్రష్షూ పెట్టి తళతళలాడేలా తోమేవాణ్ణి. మూడు నెలలు అలాగే చేశాను. ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు సెల్వి అనే పిల్ల మేడం దగ్గర డాక్టరేటు పరిశోధన చేస్తోంది. ఆమె ప్రయోగం చూడ ముచ్చటగా ఉండేది. పసుప్పచ్చటి మందునీళ్ళలో ఒక పొడి వేసి, మా బంగారపు నీళ్ళు రెండు చుక్కలు కలిపితే, నిమిషాల్లో పసుపంతా పోయి తేటపడేది. పక్కనే బంగారం వేయని ఫ్లాస్కు ఒకటి పెట్టాలి. అది పచ్చగానే ఉండాలి. అలా ఉంటేనే పని చేసింది బంగారమని రుజువు. ఒకరోజు రెండూ తేటపడ్డాయి. మళ్ళీ చేసింది. మళ్ళీ రెండూ తేటపడ్డాయి.

"మూడేండ్ల పని పోయింది మామా" అని సెల్వి బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. పిల్లే ఏదో కలిపేసి ఉంటుందని మహానుభావులు తీర్పు చెప్పారు. నాకు కారణం అప్పుడే తట్టింది. అయినా ఆ పూట నోరు విప్పలేదు. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

మర్నాడు పొద్దున్నే మేడం ముందు నిలబడి అంతా చెప్పాను.

"నిన్న యాడ పెట్టుకుంటివి ఈ నోరు?"

"ఉద్యోగం పోతాదని భయపడితి మేడం."

"ఇప్పుడు పోదా?"

"పోతే పోనీ. ఆ పిల్ల తప్పు కాదు."

ఆమె పకపకా నవ్వారు. "గాజుకు అంటుకున్న పిసరు బంగారం, నీ కంటికే కనపడనిది, ఇంత పని చేసిందా! సెల్వీ, ఏడుపాపి ఇట్ల రా!" నవ్వితే నవ్వారు గానీ వదల్లేదు. ప్రయోగాల పుస్తకం నా ముందుకు తోశారు. "రాయి. ఏం చేస్తివో, ఏం చెయ్యలేదో."

"నాకు ఇంగ్లీషు రాదే!"

"తెలుగులో రాయి. చేసినోడు రాయాల."

అటెండరు పరిశోధన పుస్తకంలో రాయడమేమిటని ఒక మహానుభావుడు గుమ్మంలోంచి అడ్డొచ్చాడు. "కడిగింది మీరైతే మీరే రాయండి సార్" అన్నారు మేడం. ఆయన మళ్ళీ కనబడలేదు. నేను రాశాను, సంతకం పెట్టాను. నా రాత కిందనే మేడం మూడు నెలల లెక్కలన్నీ కొట్టేశారు.

ఈసారి ప్రతి ఫ్లాస్కునూ రాజద్రావకంతో కడిగాను. పదిహేను రోజుల తర్వాత ముగ్గురం బల్ల చుట్టూ నిలబడ్డాం. బంగారం వేసిన ఫ్లాస్కు తేటపడింది. వేయనిది పచ్చగానే ఉంది. అయిదు నిమిషాలు, పది నిమిషాలు. "ఇంకా పచ్చగానే ఉండాది మామా!" అని సెల్వి గెంతింది. ఏమీ జరగకపోవడాన్ని అంత సంతోషంగా నేనెన్నడూ చూడలేదు. ఆ పిల్ల ఇప్పుడు డాక్టర్ సెల్వి.

మేడం పోయి నాలుగేళ్ళు. పోయిన నెల నటేశన్ నగర్లో మా వీధికి నీళ్ళు రాలేదు. నేను నీళ్ళు వదిలే లైన్‌మన్‌ను నలుగురిలో నిలదీసి చెడామడా తిట్టాను. సాయంత్రం తెలిసింది, తోటకు నీళ్ళు మళ్ళించుకోవడానికి వీధి వాల్వు మూసి, మళ్ళీ తెరవడం మరిచింది నేనే. నన్నెవరూ చూడలేదు. అయినా కాగితం మీద జరిగిందంతా తమిళంలోనూ తెలుగులోనూ రాసి, కింద సంతకం చేసి, మా వీధి సంఘం బోర్డుకు అంటించాను. లైన్‌మన్ వచ్చి రెండుసార్లు చదివాడు. ఫోన్‌తో ఫోటో తీసుకుని, "ఇంట్లో చూపిస్తా పెద్దాయనా" అన్నాడు.

"అక్షరాలు సరిగా పడినాయా చూసుకో" అన్నాను.