అత్త తాగించిన జావ

నా ఇరవై రెండేళ్ల వయసులో, దేవుడికి నా గొంతంటే ప్రత్యేకమైన ఇష్టమని నాకు గట్టి నమ్మకం ఉండేది. వినుకొండ దగ్గరి మా ఊరి సంఘంలో ప్రార్థన ఎత్తుకున్నానంటే అరగంటకు గాని దింపేదాన్ని కాదు. (మా అమ్మ మధ్యలో ఒక కన్ను తెరిచి గోడ గడియారం చూసేదట. చాలా ఏళ్లకు చెప్పింది.) తొంభైల చివర్లో ఒక వేసవిలో మా మేనత్తకు కడుపులో క్యాన్సర్ ముదిరిపోయిందని, ఇక ఇంటికి తీసుకుపొమ్మని గుంటూరు డాక్టర్లు చెప్పారు. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. మిరపకాయ కోతలకు పోయి ఒంటరిగా బతికిన మనిషి. మా వసారాలోనే మంచం వేశాం.

ఆదివారం సంఘమంతటి ముందు లేచి, "మూడు రోజులు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టను. మా అత్త లేచి నడుస్తుంది" అని ప్రకటించాను. పాస్టరు గారు "నిదానం తల్లీ, ఎండలు మండిపోతున్నాయి" అన్నారు. ఆయనకు విశ్వాసం కాస్త తక్కువని జాలిపడ్డాను.

మొదటి రోజు ఎలాగో గడిచింది. రెండో రోజు మధ్యాహ్నం మంచం పక్కన మోకరించి, అత్త తల మీద చెయ్యి పెట్టి రోగాన్ని గద్దిస్తున్నాను. "వదిలి పో!" అని అరవడం వరకే గుర్తుంది. రోగం సంగతేమో గాని, స్పృహ నన్ను వదిలి పోయింది.

కళ్లు తెరిచేసరికి నేను మంచం మీద ఉన్నాను, అత్త నేల మీద ఉంది. వారం నుంచి లేవలేని మనిషి ఎలా లేచిందో లేచి, అమ్మతో కలిసి నన్ను పైకి చేర్చి, తన కోసం కాచిన రాగిజావ నా నోట్లో పోస్తోంది.

"పోయేదాన్ని నేనైతే, ముందు నువ్వు బయల్దేరావేందే పిల్లా?"

"మూడు రోజులు కాలేదత్తా. దేవుడికి మాటిచ్చాను."

"ఆయనకి నేను చెప్పుకుంటాలే. తాగు."

తాగాను. సిగ్గుతో, "మరి నీ కోసం ఏమని ప్రార్థన చెయ్యను?" అన్నాను.

అత్త జావ గిన్నె పక్కన పెట్టింది. "నువ్వట్టా అరుస్తంటే నాకు బయమేస్తందే. రేపు నేను పోతే, నీ దేవుడు ఓడిపోయాడనుకుంటావేమోనని. అరవమాక. పక్కన కూచుని తల దువ్వు. చిక్కులు పడి చస్తన్నా."

ఆ తర్వాత పదకొండు రోజులు బతికింది. తల దువ్వాను, పక్కగుడ్డలు ఉతికాను, వాంతి గిన్నె కడిగాను. (మొదట్లో ఆ వాసనకు పెరట్లోకి పరుగెత్తి నేనూ కక్కుకునేదాన్ని.) నొప్పి మెలిపెట్టినప్పుడు అత్త, పక్క గదిలో మనిషిని పిలిచినట్టు, "తండ్రీ, ఉన్నావా?" అనేది. నాకే జవాబూ వినపడేది కాదు. ఆమె బిగించిన పిడికిలి మాత్రం మెల్లగా సడలేది. అది చూస్తూ చూస్తూ నేనూ లోలోపల అలాగే పిలవడం మొదలుపెట్టాను.

పన్నెండో రోజు పొద్దున, నేను జడ అల్లుతుండగానే పోయింది.

సమాధి దగ్గర పాస్టరు గారు నన్నే ప్రార్థన చెయ్యమన్నారు. జనం అరగంటకు సిద్ధపడి నీడలోకి జరిగారు. "తండ్రీ, మా అత్త నీ దగ్గరికి వచ్చింది" అన్నాను. అంతటితో ఆపేశాను. ఇంకా ఉందనుకుని ఎవరూ ఆమేన్ అనలేదు.

ఇప్పుడు వంట చేసుకుంటూ రెండు ముక్కల్లో ప్రార్థన ముగించే నాకు, ఆ ఇరవై రెండేళ్ల పిల్ల తలపుకొస్తే నవ్వొస్తుంది. కాస్త అసూయా కలుగుతుంది. ఎంత గట్టిగా అడిగిందో, పిచ్చిది.