గుండు మనిషి చేతికిచ్చిన కాగితం

మంగళవారం మధ్యాహ్నం సరిగ్గా మూడు గంటలకు, తిరుపతి రైల్వే స్టేషన్ ఎదురుగా, మా అన్నను వెతుకుతున్న మనుషులు మా అన్న చేతికే ఆయన ఫొటో ఇచ్చి, ఈయన్ని చూశారా అని అడిగారు. లేదని ఆయన తల ఊపాడు.

అన్నకు రెండేళ్లుగా మతి నిలవడం లేదు. ఆ ముందు రోజు, సోమవారం, కంటి డాక్టరుకు చూపిద్దామని నేనే తిరుపతికి తీసుకొచ్చాను. బస్టాండులో నీళ్ల సీసా కొని వెనక్కి తిరిగేలోపు మనిషి లేడు. తప్పు నాది.

మా నగరి వైపు తప్పిపోయినవాళ్లను వెతికే గుంపు ఒకటి ఉంది. మరమగ్గాల వాళ్లు, ఒక టీచరమ్మ, ఇద్దరు ఆటోవాళ్లు. కబురందితే పని ఆపి వచ్చేస్తారు. వాళ్లెవరూ మా అన్నను అంతకుముందు చూడలేదు. అందుకే ఆనవాళ్లు చెప్పడం ఇంటి మనిషి పని. ఇంటి మనిషి మాట దాటకూడదని వాళ్ల కట్టుబాటు. యాభై దాటాక నేర్చిన అక్షరాలు నావి, లావుగా ఉంటాయి. ఫొటో ఉన్న కాగితం మీద, నా ఫోన్ నంబరుతో సహా, నేనే రాశాను. నెరిసిన జుట్టు. గుబురు మీసం. తెల్లచొక్కా.

మరమగ్గం నడిపే ఆయన ఒకాయన ఆ గుంపుకు పెద్ద. అది చదివి అడిగాడు.

"అమ్మా, ఇది తిరప్తి. జనం యాడికి పోతే ఆడికి పోయుంటాడు. గుండుతో దిగిన ఫొటో ఏమన్నా ఉండాదా?"

"మా అన్న సంగతి నాకే చెప్తావా అబ్బా? నాయన కర్మలకే మీసం తీయనీలేదు ఆయప్ప."

"మతి ఉన్నప్పటి లెక్క వేరేమ్మా."

"వెతికేదానికొచ్చినావా, వాదించేదానికొచ్చినావా?"

టీచరమ్మ నవ్వింది. "ఈయమ్మతో నువ్వు గెలవలేవులేన్నా, పద."

వాళ్లిద్దరూ ఒక జోడీగా స్టేషన్ వైపు వెళ్లారు. నా మోకాళ్లు నడవనీయవు, రోడ్డుకు ఇవతల ఆటోలో కూర్చున్నాను. ఒకామె టీ అమ్ముతున్న చోట, గోడకానుకున్న ఒక గుండు మనిషికి కాగితం ఇవ్వడం నా కళ్లతో చూశాను. తల మీద గంధం, ఒంటి మీద చొక్కా లేదు. ఆ వీధిలో అలాంటివాళ్లు వందమంది. కలిసి పెరిగిన మనిషి మీంచి, గుండు చూసి చూపు తిప్పేసుకున్నాను.

మరుసటి పొద్దున పోలీసులు ఫోన్ చేశారు. ఎండదెబ్బ అన్నారు. జనం వెంట కొండెక్కి, వాళ్లతోపాటే తల గొరిగించుకుని దిగినట్టున్నాడు. పంచె రొంటిన మా కాగితం దొరికింది, నాలుగు మడతలు పెట్టి. దాని మీద నంబరు చూసే మాకు చేశారు.

శవాల గది గుమ్మంలో మగ్గం ఆయన నిలబడ్డాడు. నేను చెప్పలేదా అని అనలేదు. అనుంటే బాగుండేది.

ఇప్పుడు ఆ గుంపువాళ్లు ప్రతి ఫొటో పక్కన గుండుతో ఇంకొకటి తయారుచేయిస్తారు. ఇంటివాళ్లు వద్దన్నా వినరు.

ఆ మంగళవారం అక్కడ ఉన్నవాళ్లు వీళ్లు: మరమగ్గం ఆయన, టీచరమ్మ, పక్కన టీ అమ్మే ఆమె, గోడకానుకుని మా అన్న. రోడ్డుకు ఇవతల నేను.