నాలుగోసారి రాసిన నాటకం

గురువారం పొద్దున అంట్లు తోముతుంటే మిర్కాబ్ బజారు నుంచి ఫోన్. "అక్కా, టైలరన్న పోయినాడు. మిషన్ మీదనే ఒరిగిపోయినాడు" అన్నాడు పక్క షాపతను. ఏ టైలరన్న అని మూడుసార్లు అడిగాను. రేపు రిహార్సల్ పెట్టుకుని ఎట్లా పోతాడని ఫోన్ చేసిన మనిషి మీదే కోప్పడ్డాను. ఇది రాస్తున్నప్పుడు కూడా నమ్మకం కుదరడం లేదు.

ఇక్కడ గల్ఫ్‌లో పనిచేసే మీలో చాలామంది ఆయన దగ్గర ప్యాంట్లు పొట్టి చేయించుకుని ఉంటారు. కొలతల చీటీల వెనక ఆయన నాటకం రాసేవాడని మాత్రం శుక్రవారాలు రిహార్సల్‌కి కూడే మా పదిమందికే తెలుసు. ఊరి నుంచి కొత్తగా వచ్చిన పనిమనిషి, ఇక్కడ మనం 'మామా' అని పిలిచే ఆమె అరబ్బు యజమానురాలు, ఇద్దరి కథ. మన వైపు వీధినాటకంలాగే, పాటలతో. మామా వేషం నాది.

మొదటిసారి రాసినప్పుడు మామా ఉత్త రాక్షసి. నేను అరుస్తుంటే అందరూ పడీపడీ నవ్వేవారు, ఆయన తప్ప. "తిట్టేటప్పుడు మీ మామా చేతులు ఏం చేస్తాంటాయమ్మా?" అని ప్రతి శుక్రవారం అడిగేవాడు. ఒకసారి నోరు జారాను. రుమైథియాలో నేను పనిచేసే ఇంట్లో నూనె పడి చెయ్యి కాలితే, మా మామా తిడుతూనే మందు పూసిందని చెప్పాను. మూడోసారి రాసినప్పుడు ఆ మందు నాటకంలోకి వచ్చి కూర్చుంది.

నాకు ఒళ్లు మండింది. "మా యమ్మ సచ్చిపోతే గూడా ఊరికి పంపని మనిషికి ఈ మంచితనమేందన్నా? నేను చెయ్యను. ఖలాస్!"

"మంచిదని యాడ రాసినా? మందు పూసిందని రాసినా, అంతే. నీ కోపం గూడా కావల్ల నాకు. వారం టైమియ్యి."

చాయ్ కూడా ముట్టకుండా వచ్చేశాను. తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

నిన్న ఆ షాపతను చీటీల కట్ట తెచ్చి మా మామా ఇంటి గేటు దగ్గర ఇచ్చి పోయాడు. నాలుగోసారి రాసింది. మామా వేషం పక్కన నా పేరు కొట్టేసి ఉంది. ప్రాణం చివుక్కుమంది. తర్వాత చూస్తే, నా పేరు పనిమనిషి వేషం పక్కన ఉంది.

కాలిన చేతికి మామా మందు పూస్తుంది. పనిమనిషి చెయ్యి లాక్కుని, "మా యమ్మ పోయినప్పుడు నన్నెందుకు పంపలేదు మామా?" అంటుంది. ఆరేళ్లలో నేను ఒక్కసారి కూడా అడగలేకపోయిన మాట. దాని కింద మామా జవాబు రెండుసార్లు రాసి కొట్టేశాడు. మిగతా చీటీ ఖాళీ.

అవతలి గదిలోంచి మా మామా పిలిచింది. చీటీ చేతిలోనే పట్టుకుని లేచాను.