పచ్చరాతి కడియం

మా ఆయన పోయిన పదో రోజు పొద్దున, తిరువళ్ళూరులో మా ఇంటి పెరట్లో నా గాజులు పగలగొట్టారు. నేను అడ్డు చెప్పలేదు. అవన్నీ అయ్యాక మా పెద్ద ఆడబిడ్డ నా ఎడమ చేయి పట్టుకుని, "ఇది మిగిలిపోయింది" అంది.

అది గాజు కాదు. జేడ్ కడియం, బర్మా పచ్చరాయి. రంగూన్‌లో నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా అమ్మ కొంటే, పక్కింటి చీనా ఆమె సబ్బు రాసి నా చేతికి ఎక్కించింది. వాళ్ళకది పెళ్ళి గుర్తు కాదు. ఆడపిల్ల ఒంటి వేడికి రాయి నిగారిస్తుందని, పిల్లకు తగలాల్సిన దెబ్బ తాను తిని పగులుతుందని వాళ్ళ నమ్మకం. చేయి ఎదిగింది, కడియం ఇక దిగలేదు. మనవాళ్ళను వెళ్ళగొడితే బర్మా వదిలి ఓడ ఎక్కిన రోజు, రేవులో తనిఖీ చేసేవాళ్ళు అమ్మ సొమ్ములన్నీ కమ్మలతో సహా ఊడదీసుకున్నారు. నా కడియం లాగి చూసి, రాకపోయేసరికి పొమ్మన్నారు. అమ్మ సొమ్ముల్లో మిగిలింది అదొక్కటే.

"వదినా, అది రాయి."

"రాయో రప్పో, పచ్చగా ఉండాది గదా మే! మొగుడు పోయినాక పచ్చ గాజుతో కూర్చుంటే నలుగురూ నవ్వరా? సాంగ్యమంటే సాంగ్యమే, జరిపించాల్సిందే."

"ఇది ఎక్కింది తొమ్మిదో ఏట. నాకు పెండ్లయింది ఇరవయ్యో ఏట. ఆ పదకొండేండ్లూ నీ తమ్ముడు యాడుండినాడు?"

"ఈ పొద్దు కూడా లెక్కలేనా? వాడు బతికినన్నాళ్ళూ ఈ లెక్కలతోనే సతాయించినావు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే ఆమె పచ్చడి బండ ఎత్తి కొట్టింది. సగం దెబ్బ కడియానికి, సగం నా మణికట్టుకు తగిలింది. కడియం ఖంగుమంది, పగల్లేదు. రేవులో ఊరూ పేరూ తెలియని వాళ్ళు వదిలేసిన దాని మీద నా ఇంటి మనిషి చేయెత్తింది! బండ లాక్కుని ఒళ్ళో పెట్టుకున్నాను.

"ముందు నా చెయ్యి విరగ్గొట్టు వదినా. ఆపైన దాన్ని కొడుదువు."

పురోహితుడు పొద్దెక్కుతోందని తొందరపెట్టాడు. మిగతా తంతు కడియంతోనే జరిగింది. ఆడబిడ్డ విస్తరి ముందు కూర్చోకుండా తిరుత్తణి రైలెక్కింది.

ఆమె చేతులు నాకంటే ఎన్నో ఏళ్ళ ముందే బోడివయ్యాయి. వాటిని చూసి జాలిపడమంటుంది మా కోడలు. పడను. ఆ నొప్పి తెలియని మనిషి కొట్టి ఉంటే క్షమించేదాన్నేమో. నిరుడు తిరుత్తణిలో ఆమె మనవడి పెళ్ళికి కడియంతోనే వెళ్ళి, అక్షింతలు వేసి, భోంచేసి వచ్చాను. ఆమెను పలకరించలేదు.