గ్లాసు లోపు రక్తం

పైల్స్ ఆపరేషన్ అయిన ఎనిమిదో రోజు పొద్దున, తాండూరులో మా ఇంటి బాత్‌రూంలో, నా లెక్క నాకు తెలియకుండానే తప్పింది.

నేను నాపరాళ్ల కొలతలు రాస్తాను. బడిలో నేర్చింది తక్కువ, టేపు పట్టి నేర్చుకున్నది ఎక్కువ. మా దగ్గర బండ పన్నెండు ముప్పావు అంగుళాలున్నా పన్నెండే రాస్తాం. అంగుళం లోపుది వదిలేస్తాం.

వికారాబాద్‌లో ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ నన్ను ఇంటికి పంపుతూ, "మోషన్‌కు పోయినప్పుడు కొన్ని చుక్కలు పడితే భయపడకండి. బట్టలు తడిసినా, గడ్డలు పడినా, కళ్లు తిరిగినా వెంటనే రండి" అన్నారు. కొన్ని అంటే ఎన్నని అడిగాను. నవ్వి ఊరుకున్నారు. అంకె దొరకలేదు కాబట్టి నేనే ఒకటి పెట్టుకున్నాను. కంటి అంచనాకు టీగ్లాసు నిండా పోతే ఒకటి, అంతకు లోపైతే సున్నా.

ఏడు రోజులు సున్నాలే. ఎనిమిదో రోజు పొద్దుటి నుంచి ఐదుసార్లు వెళ్లాను. ప్రతిసారీ గ్లాసు లోపే. నోట్‌బుక్‌లో ఐదు సున్నాలు రాసి, కింద గీత గీసి, మొత్తం సున్నా అని వేశాను.

నా భార్య సుజాత నా లుంగీ పట్టుకుని వచ్చింది.

"ఏందయ్యా గిది?"

"మొత్తం సున్నా."

"సున్నా గింత ఎర్రగుంటదా? నీ మొకం జూస్కో, పాలిష్ పట్టిన బియ్యం లెక్క తెల్లగైంది!"

"గ్లాసు నిండలేదు గదనే."

"గది నిండేదాంక నువ్వుంటవా మరి?"

జవాబు చెబుదామని లేచాను. గోడ పక్కకు జరిగింది.

సుజాత డాక్టరమ్మకు ఫోన్ చేసింది. పక్కింటివాళ్ల కారులో వెనక సీటు మీద పడుకుని వికారాబాద్ చేరాను. డాక్టరమ్మ బీపీ చూస్తూ, "ఎంత పోయింది?" అన్నారు. గర్వంగా నోట్‌బుక్ అందించాను.

"దీని ప్రకారం మీరు ఇంట్లో ఉండాలి" అని, నర్సు వైపు తిరిగి, "బ్లడ్ తెప్పించు. థియేటర్ రెడీ చెయ్" అన్నారు. దారంతా తిట్టిన సుజాత అక్కడ ఒక్కసారిగా మాట్లాడటం మానేసింది. నాకు నిజంగా భయం వేసింది అప్పుడే.

దాన్ని సెకండరీ హెమరేజ్ అంటారట. పుండు మానుతుండగా, వారం పది రోజులకు కూడా రక్తనాళం తెరుచుకోవచ్చట. కుట్టు వేసి ఆపారు. రెండు బ్యాగుల రక్తం ఎక్కించారు. రెండో బ్యాగులో ఇంకెంత ఉందని సుజాతను అడిగాను.

"గ్లాసు లోపే. సున్నా రాస్కో, పీకెయ్యమంట."

ఆమె మళ్లీ మాట్లాడింది కాబట్టి నేను బతికానని తెలిసింది.

ఇప్పటికి నాలుగు నెలలైంది. మళ్లీ బండలు కొలుస్తున్నాను, కూర్చునే అన్నం తింటున్నాను. ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు ఒకటే చెబుతాను. డాక్టర్ చెప్పిన గుర్తుల్లో ఒక్కటి కనిపించినా గ్లాసుల లెక్క పెట్టుకోకండి. మన ముఖం మనకు కనపడదు. ఇంట్లోవాళ్లు చూసి "పద" అంటే వెంటనే లేవండి. గోడ పట్టుకుని లేవండి.