వేదవతి చేతికి కుదిరిన పిస్టల్

వేదవతికి ఒక పిస్టల్ కావాలి. ఎవరినీ కాల్చడానికి కాదు మహానుభావా, కంగారు పడకండి. కాగితం మీద గుండ్రటి గీతల మధ్య ఉన్న నల్లచుక్కను కొట్టడానికి. ఈ మాట చెబితే వాళ్లుంటున్న పరాయి దేశపు పేట పాపటోయిటోయిలో నమ్మిన మనిషి లేడు. గుడిలో కలిసిన నిరుపమ ఆంటీ అయితే ప్రసాదం గిన్నె పక్కన పెట్టి మరీ, "మీ ఆయన మీద కోపముంటే కూర్చుని మాట్లాడుకోండమ్మా, తుపాకీ దాకా ఎందుకూ?" అంది. అందరూ నవ్వారు. వేదవతి కూడా నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది?

ఆమెకు నలభై ఎనిమిదేళ్లు. భర్త మొగిలయ్యతో కలిసి డెయిరీ నడుపుతోంది. ఇక్కడ కిరాణా కొట్టును డెయిరీ అంటారు లెండి. పాలుంటాయి గానీ బర్రెలుండవు. ముందు కొట్టు, వెనక ఇల్లు. తెల్లారకముందే తెరవాలి, పొద్దుపోయాక మూయాలి, మధ్యలో అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే చాలు, ఎవరో ఒకరు బ్రెడ్డు కోసమో బస్సు కార్డు కోసమో పిలుస్తారు. ముద్ద మింగి లేవాలి. పదిహేనేళ్లుగా ఆమె వేడన్నం తిన్నది తక్కువ.

హనుమకొండలో డిగ్రీ చదివేటప్పుడు వేదవతి ఎన్.సి.సి.లో ఉండేది. క్యాంపులో ఒకరోజు నేల మీద బోర్లా పడుకోబెట్టి, చేతికి రైఫిలిచ్చి, తలా ఐదు గుండ్లు ఇచ్చారు. ఈమెవి ఐదూ అరచేయంత చోట్లో పడ్డాయి. హవల్దారు కాగితాన్ని ఎత్తి వెలుగులో చూసి, ఇంకో ఐదు ఇచ్చాడు. అవీ అక్కడే పడ్డాయి. అంతే, రైఫిల్ తీసుకుని వరసలో తర్వాతి పిల్లకిచ్చేశారు. ఆమెకు ఇప్పటికీ గుర్తున్నది మెచ్చుకోలు కాదు. ఊపిరి సగం వదిలి, ఆపి, వేలు మెల్లగా వెనక్కి లాగే ఆ రెప్పపాటు. అప్పుడామెను పిలిచేవాళ్లు లేరు. అమ్మ లేదు, అన్న లేడు, లోకమే లేదు. ఆ నిశ్శబ్దం మళ్లీ ఎక్కడా దొరకలేదామెకు, పూజగదిలో కూడా.

మళ్లీ దొరికింది బ్రెండా పుణ్యమా అని. బస్సులు నడిపి రిటైరైన, ఈ దేశంలోనే పుట్టిన కివీ ఆవిడ, రోజూ పాలకొస్తుంది. ఆవిడ కోటు మీద పిస్టల్ క్లబ్ బ్యాడ్జి చూసి వేదవతి ఉండబట్టలేక అడిగేసింది. బ్రెండా ఎగాదిగా చూసి, "ఆదివారం వస్తావా?" అంది. ఆ ఆదివారం వెళ్లింది. ఆ తర్వాత ప్రతి ఆదివారమూ వెళ్లింది.

ఈ దేశంలో పిస్టల్ కొనడమంటే వంకాయలు ఏరుకోవడం కాదు. క్లబ్బులో చేరాలి, నెలల తరబడి క్లబ్బు పిస్టళ్లతోనే వాళ్ల కళ్లెదుట కాల్చాలి. ఆపైన లైసెన్సు అధికారి ఇంటికొచ్చి, ఇనప్పెట్టె చూసి, నీతో మాట్లాడి, నీ మొగుడితో విడిగా మాట్లాడి, సరేనంటేనే. కొన్నాక కూడా అది ఇంట్లో పెట్టెలో పడుకోవాలి, క్లబ్బులోనే పేలాలి. వేదవతికి ఇవన్నీ నచ్చాయి. తేలిగ్గా వచ్చేదాని మీద ఇంత ఆశ ఉండేది కాదేమో.

"నీ చేతికి ఏది కుదురుతుందో ముందు తేల్చుకో" అంది బ్రెండా. "అందం చూడకు. పక్కవాడి మాట వినకు. చేయి ఏమంటుందో విను."

మొదట పట్టుకున్నది నల్లటి ప్లాస్టిక్ ఒంటి నైన్ ఎమ్ఎమ్. తేలిక. కుర్రవాళ్లంతా దాని మీదే మోజు పడతారు. కానీ పిడి లావు, వేదవతి చేయి చిన్నది. చూపుడువేలి కొస మాత్రమే ట్రిగ్గర్‌ను అందుకుంది. పేలగానే పిస్టల్ ముక్కు పైకెగిరి, బొటనవేలి పక్క చర్మాన్ని పీకి పెట్టింది. రెండో గుండుకే చేతికి భయం పట్టింది. దెబ్బ తగలబోతోందని ముందే తెలిసిన చేయి కదా, పేలకముందే కిందికి వంగుతోంది. గుండ్లన్నీ చుక్కకు కింద, ఎడమ పక్కన చెల్లాచెదురుగా పడ్డాయి. "పిస్టల్‌ది తప్పు కాదు, మా ఇద్దరికీ జాతకం కలవలేదు" అని చెప్పాలనుకుంది బ్రెండాకు. ఇంగ్లీషులో జాతకం ఎలా వివరించాలో తెలియక ఊరుకుంది.

రెండోది అదే గుండు, ఇనప ఒళ్లు. ఆ బరువే పేలుడు తన్నును మింగేసింది. ముక్కు లేచినా మెల్లగా లేచింది. గురి కూడా మంచిదే. కానీ గుండెక్కించడానికి పైన జారే స్లైడును వెనక్కి లాగాలంటే వేదవతి పళ్లు బిగించాల్సి వచ్చింది. పాలక్రేట్లు మోసి మోసి బిగుసుకుపోయిన బొటనవేలు మూలిగింది. పది గుండ్లయ్యేసరికి చాచిన చేయి వణకసాగింది.

మూడోది సన్న గుండు పేల్చే పాయింట్ ట్వంటీ టూ. కంటిచూపు తగ్గి ఆట మానేస్తున్న ఒక సభ్యుడిది. పొడుగు గొట్టం, వాడి వాడి నునుపెక్కిన చెక్క పిడి. చేతిలో పెట్టుకోగానే వేళ్లు వాటంతటవే ఎక్కడివక్కడ సర్దుకున్నాయి. కాల్చింది. తన్ను అంటారా, తలుపు మీద వేలితో తట్టినంత. గురి చెదరలేదు, మళ్లీ చుక్క మీదికే వచ్చి నిలబడింది. ఇంకోటి కాల్చింది. ఇంకోటి. కాగితం దగ్గరికి తెప్పించి చూస్తే పదీ అరచేయంత చోట్లో ఉన్నాయి.

వేదవతి కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఇది నాకు కావాలి, అనుకుంది. పిల్లల కోసం కాదు, కొట్టు కోసం కాదు, ఇంటికి పనికొస్తుందని కాదు. నాకు కావాలి.

"తొందరపడకు" అంది బ్రెండా. "హుషారుగా ఉన్నరోజు అన్నీ బాగుంటాయి. అలసిపోయిన రోజు పట్టుకుని చూడు." అలసటకేమన్నా కరువా! సరుకు దింపిన మర్నాడు పట్టుకుంది, జ్వరమొచ్చి తగ్గిన వారం పట్టుకుంది. అప్పుడూ అదే కుదురు. వేదవతికి లైసెన్సు వచ్చేదాకా ఎవరికీ అమ్మనని ఆ పెద్దమనిషి మాటిచ్చాడు.

ఇక ఆమెకు నిద్రలో కూడా అదే. సబ్బు తీసిస్తుంటే చూపుడువేలు ఖాళీ గాలిలో ట్రిగ్గర్ వెతుక్కునేది. పాలసీసాను చాచిన చేత్తో పట్టుకుని ఊపిరి ఆపి నిలబడితే మొగిలయ్య చూసి, "ఏందే, పాలసీసను కాలుస్తున్నవా? అది ఏం జేసింది నీకు?" అనేవాడు.

ఆదివారాలు ఆడుకోవడానికి మొగిలయ్యకు అభ్యంతరం లేదు. కొనడం దగ్గరే పేచీ. "ఇంట్ల తుపాకి ఎందుకే? మనమేమన్న దొరలమా?" అని కొట్టిపారేసేవాడు. అలాంటివాడు చలికాలంలో ఉన్నట్టుండి మెత్తబడ్డాడు. అంతకు కొన్ని వారాల ముందే ఒక ఆదివారం, వేదవతి క్లబ్బులో ఉండగా, మొహాలకు గుడ్డలు కట్టుకున్న ఇద్దరు సుత్తి పట్టుకొచ్చి, అద్దాలు పగలగొట్టి, సిగరెట్లన్నీ ఎత్తుకుపోయారు. వేదవతి పరుగున ఇంటికొచ్చేసరికి మొగిలయ్య గాజుపెంకులు ఊడుస్తూ, "ఏం గాలే, ఊకో. సిగరెట్లే గదా, తాగి సస్తరు" అని నవ్వాడు. ఆ తర్వాత ఒకరోజు తనంతట తనే, "కొనుక్కో నీ పిస్టలు" అన్నాడు. ఆమెకు ఎగిరి గంతేసినంత పనైంది. ఎందుకు మనసు మారిందని అడగాలని తోచనే లేదు. ఆశ పడ్డ మనిషికి చెవులు సగమే పనిచేస్తాయి.

అధికారి వచ్చింది. మర్యాదస్తురాలు, చెప్పులు గుమ్మం బయటే విడిచింది. గోడకు బిగించిన పెట్టెను లాగి చూసింది. వేదవతితో చాలాసేపు మాట్లాడింది. తర్వాత వేదవతి కొట్టులోకి వెళ్లాలి, మొగిలయ్య ఒక్కడే మాట్లాడాలి. "ఆట కోసమని చెప్పు, ఉన్నదున్నట్టు" అని ముందురోజే చెప్పి ఉంచింది. కాసేపటికి మొగిలయ్య మీసం సవరించుకుంటూ బయటికొచ్చాడు. "మస్తు చెప్పిన. ఇగ నీ పని అయినట్టే."

ఆ వారంలోనే అధికారి ఫోన్ చేసింది. గొంతులో నొచ్చుకోలు ఉంది గానీ మాటలో మెలిక లేదు. కొట్టునీ ఇంటినీ కాపాడుకోవడానికి పిస్టల్ కావాలని మీ భర్త చెప్పారు, ఆ కారణానికి ఈ దేశంలో ఇవ్వం, మీ ఇంట్లో అది ఆటకే పరిమితమవుతుందన్న నమ్మకం నాకు కుదరలేదు, అంది. వేదవతి ఫోన్ పెట్టేసి, కొట్టులో ఎవరూ లేరని చూసుకుని, మొగుడి ఎదుట నిలబడింది.

"ఏం చెప్పినవయ్యా ఆమెకు?"

"ఏం చెప్తరు? దుకాణం మీద దొంగలు పడ్డరు, ప్రాణానికి అపాయమున్నది, ఇంట్ల ఒక పిస్టలుంటె మాకు ధైర్యమని చెప్పిన."

"ఆట కోసమని చెప్పుమన్న గదా నీకు!"

"ఆట కోసమంటె ఎవడిస్తడే?" మొగిలయ్యకు నిజంగానే అర్థం కాలేదు. "మా పెద్దబాపు జనగామల లైసెన్సు తీసుకున్నప్పుడు ఏం చెప్పిండు? నాకు పగోళ్లున్నరు, పానం మీదికొచ్చిందని చెప్పిండు. గట్ల చెప్తెనే ఇచ్చిన్రు. నీకు తొందరగ రావాలనే గదా నేను గట్టిగ చెప్పిన!"

అక్కడ ఏ మాట చెబితే తుపాకీ ఇస్తారో, ఇక్కడ ఆ మాట చెబితేనే ఇవ్వరు. ఇంత చిన్న సంగతి ఆయనకు తెలియదని ఆమెకు తెలియలేదు.

"నోటికాడి ముద్ద గుంజుకున్నవ్ గదయ్యా!" అంది వేదవతి. కళ్లలో నీళ్లు తిరిగాయి. "జిందగీల ఒక్కటి అడిగిన. ఒక్కటే."

మొగిలయ్య చాలాసేపు చూయింగ్ గమ్ డబ్బాలు సర్దుతూ ఉండిపోయాడు. సర్దినవే మళ్లీ సర్దాడు. "నేను అబద్ధం చెప్పలే వేదా" అన్నాడు చివరికి. "ఆ తలుపు తెరుసుకున్నప్పుడల్ల నాకు గుండె జారుతది. ఆదివారం నువ్వు పోయినంక బాత్రూముకు గూడ పోను. నువ్వు కాల్చుడు నేర్సినవ్. నీ చేతిల అదుంటె ఇగ ఏం గాదనుకున్న."

పాతికేళ్ల కాపురంలో ఆయన వేదవతిని మెచ్చుకున్నది అదే మొదలు. దాని మీద ఎట్లా కోప్పడాలి?

ఆ ఆదివారం సగం పూటే ఉండి వద్దామని క్లబ్బుకు వెళ్లింది. బ్రెండా వీపు నిమిరి, "కొన్నాళ్లాగి మళ్లీ అర్జీ పెట్టు. ఈసారి ఏం చెప్పాలో మీ ఆయనకు బాగా నేర్పు" అంది. నేర్పొచ్చు. మొగిలయ్య చిలకలా అప్పజెబుతాడు కూడా. కానీ భయం అట్లాగే ఉంటుంది కదా! మళ్లీ ఆ సుత్తి వాళ్లొస్తే, ఆయన లోపలికి చూసి "వేదా" అని పిలిస్తే, పెట్టె తాళం తీయకుండా ఉండగలదా? ఉండగలనని ఆ పూటంతా తనకు తను చెప్పుకుంటూనే ఉంది. ఒక్కసారి కూడా నమ్మలేదు. ఆ అధికారి మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

ఆ పెద్దమనిషి పిస్టల్‌ను చూడటానికి ఆరోజే ఒక స్కూలు టీచరమ్మ వచ్చింది. ఆమెవీ చిన్న చేతులే. మూడు రకాలూ ముందేసుకుని తేల్చుకోలేక, "మీరు వీటన్నిటితో కాల్చారట కదా, ఏది మంచిది?" అని అడిగింది. తెలియదని చెప్పేస్తే పోయేది. వేదవతి చెప్పింది. నల్లది చేతిని ఎట్లా భయపెడుతుందో, ఇనపది ఎప్పుడు అలసట తెస్తుందో చెప్పింది. చెక్క పిడిదాన్ని ఆమె చేతిలో పెట్టి, బొటనవేలు కొంచెం కిందికి జరిపింది.

"మరి మీరెందుకు కొనుక్కోలేదు? ఇంట్లో వాళ్లకు తుపాకీలంటే భయమా?"

"కాదు" అంది వేదవతి. అంతకంటే చెప్పబుద్ధి కాలేదు. వెనకనుంచి పది గుండ్ల చప్పుడు వింటూ కారు దగ్గరికి నడిచింది. ఒక్కొక్కటీ ఎక్కడ పడిందో ఆమెకు చప్పుడును బట్టే తెలిసిపోతోంది, లేదా తెలిసినట్టు అనిపిస్తోంది.

ఎప్పుడూ వెనక దారిన ఇంట్లోకి వెళ్లే మనిషి, ఆరోజు కారు వీధిలోనే ఆపి కొట్టు తలుపు తోసుకుని లోపలికెళ్లింది. మొగిలయ్య కుర్చీలోంచి దిగ్గున లేచాడు. వచ్చింది ఎవరో పోల్చుకునేలోపు ఆ ముఖంలో ఏముందో వేదవతి చూసింది. తెల్లగా పాలిపోయింది, నోరు సగం తెరుచుకుంది, రెండు చేతులూ అప్పటికే పైకి లేచి ఉన్నాయి.

"నువ్వా" అన్నాడు చేతులు దించుతూ. నవ్వబోయాడు. "గింత తొందరగ వచ్చినవేందే? ఆట అయిపోయిందా?"

"అయిపోయింది" అంది వేదవతి. "జరుగు, నేను కూసుంట. నువ్వు పోయి అన్నం తిను. వేడిగ తిను."