గోదావరి ఒడ్డున తాడు లాగిన ఆదివారం

మొన్న మా మనవరాలు ఆఫీసువాళ్లతో విహారానికి వెళ్లి కాలు విరగ్గొట్టుకుంటే, వాళ్లే ఆసుపత్రిలో చూపించి, ఇంటిదాకా దిగబెట్టి, మరునాడు ఫోన్ చేసి ఎట్లా ఉందని అడిగారు. సంతోషించవలసిన సంగతే, నాకు మాత్రం ఏళ్లనాటి కోపం మళ్లీ పైకొచ్చింది.

అప్పట్లో నేను మంచిర్యాల దగ్గర ఒక బొగ్గుబాయి ఆఫీసులో గుమాస్తాను. మా బావ, అంటే అక్క భర్త, అదే బాయిలో బొగ్గు కొట్టేవాడు. వారమంతా భూమి లోపల గడిపే మనిషికి ఆదివారం ఎండలో మంచం వాల్చుకోవడమే పండుగ. ఒక ఏడు మేనేజరుకు సిబ్బందిని గోదావరి ఒడ్డుకు వనభోజనాలకు తీసుకుపోవాలని బుద్ధి పుట్టింది. రానివాళ్ల సంగతి తర్వాత చూస్తామని మేస్త్రీ ఇంటింటికీ వచ్చి చెప్పిపోయాడు గనుక, అందరం లారీలెక్కి లక్సెట్టిపేట వైపు వెళ్లాం.

అక్కడ అధికారుల కుటుంబాలు గొడుగుల కింద కూర్చుని చూస్తుండగా, బాయివాళ్లకూ ఆఫీసువాళ్లకూ తాడు లాగే పోటీ పెట్టారు. అది స్టోరులో మూలన పడేసిన తాడు, పోగులు లేచిపోయి ఉంది. బలమైనవాడని బావను అందరికన్నా వెనక నిలబెట్టి తాడు కొస నడుముకు చుట్టారు. ఇటు ఆఫీసువాళ్ల వైపు నేను లాగుతూనే ఉన్నాను, తాడు మధ్యలో పుటుక్కున తెగింది. బావ వెల్లకిలా రాళ్లమీద పడ్డాడు, ముందున్నవాళ్లు ఆయన మీద పడ్డారు. తుంటి విరిగింది. లారీలో పడుకోబెట్టారు గాని, అధికారుల భోజనాలు అయ్యేదాకా ఆ లారీ కదలలేదు.

బావ ఇక బాయిలోకి దిగలేడని తేలాక, అది పనిలో తగిలిన దెబ్బ కాదు, ఆటకు పోయి తగిలించుకున్నాడని చెప్పి క్వార్టరు ఖాళీ చెయ్యమన్నారు. అక్కతో నేనూ మేనేజరు దగ్గరికి వెళ్లాను. మేస్త్రీ బెదిరించి తీసుకుపోయిన సంగతి నేను చెబుతుంటే, నీ ఉద్యోగం చూసుకో అన్నాడాయన. అంతవరకూ ఆ గడప తొక్కని మా అక్క నెమ్మదిగానే అడిగింది.

"ఆయన ఆడుకోను పోలే సారూ. మీరు రమ్మంటె వచ్చిండు, లాగుమంటె లాగిండు. గది పని గాకపోతె మరేంది?"

మేనేజరు తల తిప్పుకుని జవానును పిలిచి మమ్మల్ని బయటికి పంపించాడు. నెల తిరగకముందే నన్ను దూరపు బాయికి బదిలీ చేశారు. అక్క లక్సెట్టిపేటలో బీడీలు చుట్టి సంసారం లాక్కొచ్చింది. బావ కర్ర పట్టుకుని వాకిట్లోకీ ఇంట్లోకీ తిరుగుతూనే ముసలివాడైపోయాడు.

ఆ రోజులే మంచివని మా ఈడువాళ్లు అంటుంటారు. మనుషుల్లో అభిమానాలు ఉండేవి, నిజమే. దెబ్బ తిన్నవాడే తప్పు చేసినవాడిలా తలవంచుకుని క్వార్టరు గడప దిగిందీ ఆ రోజుల్లోనే.